విడాకుల తర్వాత 14 నెలలుగా మనోవర్తి రావట్లేదు, ఏం చేయాలి?

చెల్లెమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నెలకు 12,000 ఇవ్వాలని కోర్టు ఆర్డరుంది. మొదట్లో కొన్ని నెలలు వేసి, 14 నెలలుగా ఆపేశాడు. అడిగితే ఉద్యోగం పోయిందంటున్నాడు. పోలీస్ స్టేషన్‌కు వెళ్లాలా, మళ్లీ కోర్టుకా అని అడిగారు. స్టేషన్‌కు వద్దు. వాళ్లు పిలిచి మందలిస్తారేమో గానీ ఈ డబ్బు వసూలు చేసిపెట్టే అధికారం వాళ్లకు లేదు. కోర్టుకే వెళ్లండి, అదీ ఈ వారంలోనే. అంత తొందర ఎందుకో నా సంగతి వింటే తెలుస్తుంది.

నాకు విడాకులైంది 2014లో. అంతకుముందే సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 125 కింద మనోవర్తికి వేసిన కేసులో నెలకు 9,000 ఆర్డరు వచ్చింది. కొన్నాళ్లు బుద్ధిగా బ్యాంకులో వేశాడు. 2015 జూన్ నుంచి ఆపేశాడు. "మళ్లీ కోర్టు మెట్లెందుకమ్మా, పెద్దమనుషులతో చెప్పిద్దాం" అన్నారు మా నాన్న. పెద్దమనుషులు వెళ్లినప్పుడల్లా అతను వచ్చే నెల ఇస్తాననేవాడు. వీళ్లు టీ తాగి తిరిగొచ్చేవారు. అలా 19 నెలలు గడిచాయి. 2017 జనవరిలో వకీలు దగ్గర కూర్చుంటే ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టి, "ఏడు నెలలు జారిపోయాయమ్మా" అన్నారు.

విషయం ఏమిటంటే, 125 కింద వచ్చిన మనోవర్తికి ఒక గడువుంది. ఏ నెల డబ్బు ఆ నెల ఇవ్వాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు పిటిషన్ వేయాలి. దాటితే ఆ నెల బకాయికి వారంటు ఇవ్వరు. 2024 జూలై 1 నుంచి ఆ సెక్షన్ సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 144 అయింది, గడువు మాత్రం అదే. నాకు రావాల్సిన 1,71,000లో 63,000 ఆ దారిలో అడగడానికి లేకుండా పోయింది. మీదీ ఇలాంటి ఆర్డరే అయితే ఇప్పటికే రెండు నెలలు దాటాయి. మీరు ఆలోచిస్తూ కూర్చున్న ప్రతి నెలా వెనక నుంచి ఇంకో నెల రాలిపోతుంది. పెద్దమనుషులతో మాట్లాడించాలనుకుంటే పిటిషన్ వేశాకే మాట్లాడించండి.

ముందు మీ ఆర్డరు కాపీ తీసి పైన కేసు నంబరు చూడండి. ఎం.సి. అని ఉంటే నేను చెప్పిన మనోవర్తి కేసు. డి.వి.సి. అని ఉంటే గృహహింస చట్టం కింద వచ్చింది. అందులో 20(6) కింద అతని జీతంలో కొంత నేరుగా మీకే ఇవ్వాలని మేజిస్ట్రేటు యజమానిని ఆదేశించవచ్చు. ఓ.పి. అని ఉండి, విడాకుల డిక్రీలోనే హిందూ వివాహ చట్టం 25 కింద భరణం రాసి ఉంటే ఇంకా నయం. అది సివిల్ డిక్రీలా అమలవుతుంది, అంటే ఇ.పి. (డిక్రీ అమలు చేయించమని అడిగే పిటిషన్) వేయాలి. దానికి గడువు ఏడాది కాదు, 12 ఏళ్లు.

నేను ఎం.సి. దారిలో మొదలుపెట్టాను. నోటీసు "ఇంటికి తాళం" అని రెండుసార్లు తిరిగొచ్చింది. మూడో వాయిదాకు నాన్ బెయిలబుల్ వారంటు ఇచ్చారు. వారంటు ఇస్తే పోలీసులు ఎలాగూ తీసుకొస్తారని నేను ఇంట్లో కూర్చున్నాను. అది తప్పు. అది స్టేషన్‌లో ఓ ఫైలులో పడి ఉంది. మా తమ్ముడు వెళ్లి అతను ఏ టైముకు ఇంట్లో ఉంటాడో కానిస్టేబుల్‌కు చెప్పాకే కదలిక వచ్చింది. ఆ మర్నాడే 40,000 పట్టుకుని కోర్టుకొచ్చాడు, మిగతాదానికి గడువడిగాడు. మా వకీలు ఆ 40,000 ఏ నెలల బకాయి కింద తీసుకుంటున్నామో మెమోలో రాయించారు. మీరూ అలాగే రాయించండి, లేకపోతే తర్వాత "అంతటితో సెటిల్ అయిపోయింది" అంటారు.

కట్టకపోతే జైలు ఉంది. వారంటు వేశాక కూడా మిగిలిన బకాయికి నెల దాకా వేయవచ్చు, మధ్యలో కట్టేస్తే వదిలేస్తారు. జైలుకెళ్లొచ్చినంత మాత్రాన బాకీ తీరినట్టు కాదని 1989లోనే కుల్దీప్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా నన్నడిగితే జైలు మీద ఆశ పెట్టుకోవద్దంటాను. లోపలుంటే ఆ నెల అతనికి జీతమే రాదు. మావాడు ఆ భయంతో ఇంకో రెండు విడతలు కట్టి మళ్లీ ఆపేశాడు.

నాకు అసలు పని చేసింది జీతం అటాచ్‌మెంటు, అంటే కోర్టు ఉత్తర్వుతో అతని జీతంలోంచే డబ్బు కోయించడం. విడాకులై ఏళ్లు గడిచినా, మళ్లీ పెళ్లి చేసుకోకపోతే 25 కింద భరణానికి పిటిషన్ వేయవచ్చని అప్పటిదాకా నాకు తెలియదు. వేశాం. 2018 చివర్లో నెలకు 15,000 డిక్రీ వచ్చింది, పాత 9,000 అందులోనే కలిసిపోయింది. ఒకే నెలకు రెండు చోట్లా రాదు. అతను రెండు నెలలు చూసి ఊరుకున్నాక ఇ.పి. వేశాం. మామూలు అప్పుల డిక్రీలో జీతం పెద్దగా తాకరు. భరణం డిక్రీ అయితే సి.పి.సి. (సివిల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 60 ప్రకారం జీతంలో మూడో వంతు మాత్రమే అతనికి వదలాలి, మిగతా రెండు వంతుల దాకా పట్టవచ్చు. మా కేసులో నెల నెలా 15,000, పాత బకాయికి ఇంకో 5,000 కోసి కోర్టులో జమ చేయాలని కంపెనీకి ఉత్తర్వు వెళ్లింది. మొదటి నెల ఆ కంపెనీ పట్టించుకోలేదు. కోయకుండా జీతమిచ్చేస్తే ఆ డబ్బుకు కంపెనీయే బాధ్యత అని రెండో నోటీసు వెళ్లాక దారికొచ్చింది.

ఇంకో చిన్న సంగతి, నన్ను బాగా ఏడిపించింది. డబ్బు కోర్టులో జమైతే దానంతటది మీ ఖాతాలోకి రాదు. ఆ డబ్బు మీకివ్వమని చెక్ పిటిషన్ వేయాలి. మూడు నెలల డబ్బు అక్కడ పడి ఉంటే, నేనిక్కడ గ్యాస్ బండకు చేబదులు తీసుకున్నాను!

ఉద్యోగం పోయిందన్న మాటకు వద్దాం. నిజమే అయినా ఆర్డరు దానంతటదే ఆగదు. తగ్గించాలని అతనే పిటిషన్ వేసుకోవాలి, కోర్టు తగ్గించేదాకా 12,000 పేరుకుంటూనే ఉంటుంది. అబద్ధమైతే బయటపెట్టే దారులున్నాయి. 2020 నవంబరులో రజనేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత మనోవర్తి కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం చెబుతూ అఫిడవిట్ వేయాలి. మీ కేసులో అతను వేసి ఉంటే కాపీ తీయించండి, అందులో బ్యాంకు ఖాతాలు దొరుకుతాయి. ఇ.పి.లో అయితే సి.పి.సి. ఆర్డర్ 21 రూల్ 41 కింద ఆస్తుల అఫిడవిట్ వేయమని అడగవచ్చు. వేయకపోతే సివిల్ జైలు దాకా వెళ్తుంది. ఊళ్లో పొలమో ఇల్లో ఉంటే ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. ఆంధ్రలో పొలమైతే మీభూమి వెబ్‌సైట్‌లో వన్‌బీ (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చూపే రికార్డు) చూస్తే సగం కథ తెలుస్తుంది. కేసు నడుస్తుండగా అన్నదమ్ముల పేరున గిఫ్ట్ డీడ్ రాసేవాళ్లుంటారు. అలాంటిది కనబడితే ఆ రోజే వకీలుకు చెప్పండి. అతను విదేశం వెళ్లిపోయినా ఇక్కడున్న ఆస్తీ ఖాతాలూ అటాచ్‌మెంటుకు దొరుకుతాయి.

ఖర్చు గురించి టెన్షన్ పడకండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరునిస్తారు, 15100కి ఫోన్ చేసి అడగవచ్చు. నేను మొదట ప్రైవేటుగా పెట్టుకుని, ఇ.పి.కి అక్కడి లాయరునే తీసుకున్నాను. ఆయన వాయిదాలకు ఆలస్యంగా వచ్చేవారు గానీ పని తెలిసిన మనిషి.

వెళ్లేటప్పుడు ఆర్డరు సర్టిఫైడ్ కాపీ, మొదటి నెల నుంచి మీ బ్యాంకు స్టేట్‌మెంటు, ఏ నెల ఎంత వచ్చింది, ఎంత రాలేదు అని ఒక కాగితం మీద రాసిన లెక్క పట్టుకెళ్లండి. చేతికి ఇచ్చిన డబ్బేమైనా ఉంటే అదీ దాచకుండా రాయండి, మా కేసులో అతను అలాంటి 6,000 ఒకటి పట్టుకుని రెండు వాయిదాలు సాగదీశాడు.

మీ ఆర్డరు మీద ఎం.సి. ఉందా, ఓ.పి. ఉందా చెప్పండి. పేర్లు, కోర్టు వివరాలు ఇక్కడ పెట్టకండి, ఆ రెండక్షరాలు చాలు.