పత్తికి వచ్చింది వైరస్ కాదు

ప్రశ్న: మాది వరంగల్ జిల్లా. పత్తి వేసి 50 రోజులైంది. వారం నుంచి చిగురాకులు బెండాకుల్లా సన్నగా చీలిపోయి వస్తున్నాయి. వైరస్ అని దుకాణం ఆయన ఇచ్చిన మందులు రెండుసార్లు కొట్టాను, తగ్గలేదు. అంతకు ముందు గట్ల మీద వయ్యారిభామకు కలుపు మందు కొట్టించాను. ఇప్పుడు ఏం మందు వాడాలి? – ఒక రైతు

జవాబు: ఏ మందూ వాడొద్దు. గట్టు మీద కొట్టించిన మందు పేరు మీరు రాయలేదు గానీ, అది 2,4-డి అయి ఉంటుంది. డబ్బా మీద చూడండి. గాలికి తుంపర పత్తి మీద పడిందో, అదే పంపుతో తర్వాత పురుగు మందు కొట్టారో! పత్తికి ఈ మందు అణువంత తగిలినా చాలు. ముదురాకులు బాగుండి, కొత్తగా వచ్చే ఆకులే ఇలా చీలడం దీని గుర్తు. ఆకుముడత వైరస్ అయితే ఆకు అంచులు ముడుచుకుని, అడుగున ఈనెలు లావెక్కుతాయి. ఆ తెగులు పంజాబ్, హర్యానా వైపు సమస్య.

అయినా వైరస్‌ను చంపే మందు ఏ దుకాణంలోనూ లేదు. లేని జబ్బుకు రెండుసార్లు డబ్బు పోశారు. తెల్లదోమను తినే మిత్రపురుగులు ఆ మందులకు పోయి ఉంటాయి, ఇక తెల్లదోమను గమనిస్తూ ఉండండి. మొక్క చూడకుండా మందు ఇచ్చేవాళ్ల మాట ఎందుకు వింటారో నాకు అర్థం కాదు.

దీనికి విరుగుడు లేదు. వంకరపోయిన చిగుళ్లను తుంచేయండి. లీటరు నీటికి 20 గ్రా. యూరియా, వారం తర్వాత 10 గ్రా. 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) కలిపి పిచికారీ చేయండి. భూమిలో తేమ తగ్గనివ్వొద్దు. కొద్దిగా తగిలిన మొక్కలు కోలుకుంటాయి గానీ పూత, గూడ (మొగ్గ) ఆలస్యమవుతాయి.

పంపును లీటరుకు 10 గ్రా. చాకలి సోడా కలిపిన నీటితో నింపి రాత్రంతా ఉంచి, నాజిల్, గొట్టాలతో సహా మూడుసార్లు కడగండి. వచ్చే ఏడు నుంచి కలుపు మందుకు వేరే పంపు పెట్టుకోండి.

వయ్యారిభామను వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, పూతకు రాకముందే వేర్లతో సహా పీకించండి. చేతులకు తొడుగులు తప్పనిసరి, లేకుంటే దురదలు, దద్దుర్లు వస్తాయి. పూత రాని మొక్కలను కంపోస్టు గుంతలో వేయవచ్చు. ఊళ్లో పత్తి ఉన్నంత కాలం గట్ల మీద 2,4-డి ముట్టుకోవద్దు, పక్క చేను వాళ్లకూ చెప్పండి.