కార్డు సంగతి చివర్లో చూద్దాం, అల్లుడూ

అల్లుడూ,

"పదిహేను వేలున్నాయి మామా, ఆటలాడే నా కంప్యూటర్‌కు ఏ గ్రాఫిక్స్ కార్డు కొనాలి?" అని అడిగావు. కార్డు ఎక్కడికీ పోదు. ముందు ఆ క్యాబినెట్ మూత తియ్యి. జమ్మికుంటలో మీ ఇంటి చుట్టూ జిన్నింగ్ మిల్లులే కదా, ఫ్యాన్లలో ఎంత దూది పేరుకుందో హన్మకొండలో కూర్చునే చెప్పగలను. బ్రష్షుతో దులుపు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను గిర్రున తిరగకుండా వేలితో పట్టుకో. ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్టు, అంటే దాని వేడిని బయటికి లాగే పూత, తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టు. ఎండాకాలం ఆట మధ్యలో సిస్టమ్ మొరాయిస్తోందని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి ఇంతకు మించి ఖర్చు పడలేదు.

తర్వాత ఒక పరీక్ష చెయ్యి. ఆటలో రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి దించు. ఫ్రేములు, అంటే తెర మీద సెకనుకు పడే బొమ్మలు, బాగా పెరిగితే కార్డు చాలడం లేదని అర్థం. పెరగకపోతే ఆపుతున్నది ప్రాసెసర్. అప్పుడు ఎంత పెద్ద కార్డు తెచ్చినా దండగే.

నీది 2014లో మీ నాన్న కొన్న నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు. దాని మీద పెట్టే పైసల్లో కొన్ని రేపు కొత్త బోర్డు కొన్నప్పుడు నీ వెంట వస్తాయి, కొన్ని ఈ బోర్డుతోపాటే తుక్కులో కలుస్తాయి. ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు పెట్టే వేగమైన డ్రైవ్), ఎస్ఎంపీఎస్ (అన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా), కార్డు వెంట వచ్చేవి. డీడీఆర్3 ర్యామ్, ఈ సాకెట్ ప్రాసెసర్ రానివి. కాబట్టి ఆ రెండూ సెకండ్ హ్యాండ్‌లోనే చూడు. ఉన్న 8 జీబీకి తోడు అలాంటిదే ఇంకొకటి రెండో స్లాట్‌లో పెడితే డ్యూయల్ ఛానల్ అవుతుంది, రెండూ కలిసి ఒకేసారి పనిచేస్తాయి. ఆ బోర్డు 16 జీబీ దాటి తీసుకోదు. పరీక్షలో ప్రాసెసర్‌దే తప్పని తేలితేనే ఐ7 4790 వెతుకు, అదీ బయోస్ (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేశాకే బిగించు.

ఎస్ఎస్‌డీ సాటా కేబుల్‌తో తగిలించేది తీసుకో, విండోస్ దాని మీదే వెయ్యి. ఆట లోడయ్యేలోపు చాయ్ తాగి రావడం అప్పుడు తప్పుతుంది.

ఎస్ఎంపీఎస్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒకాయనకు క్యాబినెట్‌తో వచ్చిన ఎస్ఎంపీఎస్ మీదే పెద్ద కార్డు బిగించి పంపాను. స్టిక్కర్ మీద 450 వాట్స్ అని ఉంది, నమ్మాను. మూడో రోజు టప్‌మంది. బోర్డూ పోయింది, కార్డూ పోయింది. రెండూ నా జేబులోంచే కట్టాను, ఇంట్లో మీ అత్తకు చాలా రోజులు చెప్పలేదు. కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ గుర్తున్నది కొను, 12 వోల్టుల లైన్ ఎన్ని ఆంప్స్ ఇస్తుందో చదువు. గోడ ప్లగ్గుకు ఎర్తింగ్ ఉందో లేదో కూడా చూపించుకో.

ఇక నీ కార్డు. ఇప్పుడున్న 750 టీఐ 60 వాట్స్‌తో నడుస్తుంది. జీటీఎక్స్ 1660 సూపర్‌కు 125 వాట్స్ కావాలి, 6 జీబీ మెమరీ ఉంటుంది. నీ సిస్టమ్‌కు అదే సరిజోడు అని నా లెక్క. పైసలు అందకపోతే 75 వాట్స్ జీటీఎక్స్ 1650. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ కొత్తదని మోజు పడకు. బోర్డుతో మాట్లాడడానికి దానికి నాలుగు లేన్లే (దారులే), నీ బోర్డులో కార్డు స్లాటేమో పాత పీసీఐఈ 2.0, చాలా బలం దారిలోనే పోతుంది.

సెకండ్ హ్యాండ్ ఆర్ఎక్స్ 580 చవగ్గా కనిపిస్తే క్రిప్టో నాణేల మైనింగ్‌లో రాత్రింబగళ్లు నడిచి అరిగిందేమో అనుకో. 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం అనే క్రిప్టోకు కార్డులతో పని లేకుండా పోయాక అలాంటివి చాలా బజారున పడ్డాయి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లినా సరే, కార్డును బాగా కష్టపెట్టి చూసే ఫర్‌మార్క్ ప్రోగ్రామ్‌ను షాపులోనే ఇరవై నిమిషాలు నడిపించు. తెర మీద చుక్కలు కనిపించినా, వేడి 85 డిగ్రీలు దాటినా లేచి వచ్చెయ్. కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో పేరు, మెమరీ సరిపోయాయో చూడు, స్టిక్కర్ మార్చి అమ్మేవాళ్లుంటారు.

ఇంకొకటి. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగాయి, 11 ఏమో నీ ప్రాసెసర్‌ను ఒప్పుకోదు. ఆటలు ఆడుకో గానీ మీ నాన్న బ్యాంకు పనులు దాంట్లో చెయ్యకు.

పరీక్ష చేసి ఫ్రేములు ఎన్నొచ్చాయో రాసి పెట్టు. ఆదివారం రా. టవర్ ఒక్కటే తీసుకురా, మానిటర్, కీబోర్డు ఇక్కడున్నాయి.

మీ మామ