పోలో జీటీ మీద మనసు పడింది, రోజూ ఆఫీసుకు వాడొచ్చా?

ప్రశ్న: నా వయసు 31. హైదరాబాద్ నిజాంపేటలో ఉంటాం, ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో. నాకు చేతికి 95,000, నా భార్యకు 28,000 వస్తాయి. రెండేళ్ల పాప ఉంది. అద్దె, ఖమ్మంలో అమ్మానాన్నలకు పంపేది, పాప డేకేర్, మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కట్టే 15,000 సిప్, ఇప్పుడున్న 2011 ఆల్టో ఖర్చు 7,000, అన్నీ పోగా నెలకు 20,000 మిగులుతుంది. ఏప్రిల్‌లో 1.2 లక్షల బోనస్ వస్తుంది. బ్యాంకులో లక్షన్నర, ఎఫ్‌డీలో 4 లక్షలు ఉన్నాయి. కాలేజీ రోజుల నుంచి నాకు ఫోక్స్‌వ్యాగన్ వాళ్ల టర్బో ఇంజిన్ హ్యాచ్‌బ్యాక్ పోలో జీటీ టీఎస్ఐ అంటే పిచ్చి. 2018 మోడల్ ఒకటి దొరికింది. 62,000 కిలోమీటర్లు తిరిగింది, 7 లక్షలు చెబుతున్నారు. ఎఫ్‌డీ తీసి 4 లక్షలు కట్టి, మిగతా 3 లక్షలకు 13.5 శాతం వడ్డీతో నాలుగేళ్ల లోన్ తీసుకుందామనుకుంటున్నాను. ఈఎంఐ 8,000, పెట్రోల్ 9,000, మొత్తం 17,000. సరిపోతుంది కదా? కొత్త హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ కూడా అడిగాను. ఆన్‌రోడ్ 11 లక్షలు, ఏడేళ్ల లోన్ ఇస్తామన్నారు. మా నాన్న మాత్రం ‘ఏనుగును కొనడం కాదురా, మేపడం కష్టం’ అంటున్నారు. రోజువారీ వాడకానికి ఇలాంటి కారు కొనడం తప్పా?

జవాబు: తప్పు కాదు. ముందు ఆ మాట చెప్పి తర్వాత లెక్కల్లోకి వెళ్తాను. ఎందుకంటే మీ ఉత్తరం చదువుతుంటే కారు ధర కంటే, ఇష్టపడి కొనుక్కోవడం నేరమేమో అన్న బెంగే మీకు ఎక్కువగా ఉన్నట్టు అనిపించింది. మీరు నెలనెలా సిప్ కడుతున్నారు, అమ్మానాన్నలకు పంపుతున్నారు, అప్పులు లేవు. అలాంటి మనిషి తనకు నచ్చిన కారు నడపాలనుకోవడంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. కానీ మీ నాన్నగారి మాటలో నిజం ఉంది. మీ లెక్కలో ఏనుగును కొన్న ఖర్చు కనిపిస్తోంది, మేత ఖర్చులో సగమే ఉంది.

పెట్రోల్ అంచనా బాగానే వేశారు. వారానికి నాలుగు రోజులు ఆఫీసుకు రాను పోను 36 కిలోమీటర్లు, నెలన్నరకోసారి ఖమ్మం, సెలవు రోజుల్లో ఊళ్లో తిరుగుడు అనుకుంటే ఏడాదికి 12,000 కిలోమీటర్లు వేసుకోవచ్చు. కూకట్‌పల్లి వైపు ట్రాఫిక్‌నూ ఖమ్మం రోడ్డునూ కలిపి చూస్తే, ఆ 1.2 లీటర్ టర్బో ఇంజిన్ లీటరుకు 11, 12 కిలోమీటర్లు ఇస్తుంది. లీటరు 107 రూపాయలు అనుకుంటే నెలకు 9,300 దాకా వస్తుంది. ఈఎంఐ 8,120. ఇక్కడికి మీ 17,000 సరిపోయింది.

మీరు రాయనివి ఇవి. ఫుల్ ఇన్సూరెన్స్ ఏడాదికి 17,000 అనుకుంటే నెలకు 1,400. ఏటా సర్వీసింగ్‌ను నెలలకు పంచితే 1,200. నాలుగు టైర్లు మార్చడానికి 30,000 పైనే అవుతుంది, బ్యాటరీ కలిపి మూడేళ్లకు పంచితే నెలకు 1,000. వీటన్నింటి కంటే పెద్దది రిపేర్ నిధి. ఈ కారుకు నెలకు 4,000 తక్కువ కాకుండా పక్కన పెట్టాలి. మొత్తం కలిపితే 25,000 దాటుతుంది. మీకు మిగిలేది 20,000, ఆల్టో పోతే ఆదా అయ్యేది 7,000. ఈ 27,000లో 25,000 కారుకే పోతే, పాపకు జ్వరం వచ్చినా, బంధువుల ఇంట్లో పెళ్లి వచ్చినా మీ చేతిలో ఉండేది 2,000. ఆ టెన్షన్‌తో నడిపితే ఎంత మంచి కారైనా ఆనందం ఇవ్వదు.

రిపేర్‌కు 4,000 ఎందుకో వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ నిర్ణయమంతా ఇక్కడే ఉంది. 2018 జీటీ టీఎస్ఐలో ఉన్నది ఏడు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌లతో పనిచేసే ఆటోమేటిక్ గేర్‌బాక్స్. లోపల రెండు డ్రై క్లచ్‌లు (ఆయిల్‌లో మునగనివి), వాటిని నడిపించే మెకట్రానిక్ యూనిట్ ఉంటాయి. ఖాళీ రోడ్డు మీద గేర్లు మారే తీరు చూస్తే ముచ్చటేస్తుంది, మీరు ఎందుకు మనసు పడ్డారో నాకు బాగా అర్థమవుతుంది. కానీ ఆ డ్రై క్లచ్‌లకు నచ్చనిది ఒకటే. అడుగు కదిలి ఆగడం, మళ్లీ అడుగు కదిలి ఆగడం. మీ ఆఫీసు దారి అంతా అదే. ఈ రకం గేర్‌బాక్స్ సమస్యల వల్ల చైనాలో 2013లో ఫోక్స్‌వ్యాగన్ 3.84 లక్షల కార్లను రీకాల్ చేయాల్సి వచ్చింది. మీరు చూసిన కారు పాడవుతుందని నేను అనను. సరిగ్గా వాడినవి లక్ష కిలోమీటర్లు నిశ్చింతగా తిరుగుతున్నాయి. కానీ పాడైతే మెకట్రానిక్ యూనిట్ మార్పిడికే లక్ష పైమాట. అప్పటికి వారంటీ ఉండదు, ఇన్సూరెన్స్ వర్తించదు. అరుగుదలకు, లోపలి మెకానికల్ వైఫల్యానికి మోటార్ పాలసీ డబ్బు ఇవ్వదు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి నా సొంత అనుభవం కూడా ఒక కారణం. నా మొదటి కారు ఇలాంటి చిన్న చురుకైన హ్యాచ్‌బ్యాకే, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. రెండో ఏడాది టైమింగ్ బెల్టు, సస్పెన్షన్ పనులు ఒకే నెలలో వచ్చిపడ్డాయి. రిపేర్ కోసం పక్కన పెట్టింది ఏమీ లేదు. క్రెడిట్ కార్డు గీకాను. ఆ బాకీ తీరడానికి పది నెలలు పట్టింది, వడ్డీ రిపేర్ బిల్లులో మూడో వంతు అయింది. చివరికి ఎంతో ఇష్టపడిన కారును వచ్చిన ధరకు అమ్మేశాను. కారు తప్పేమీ లేదు. దానికోసం నెలకు మూడు వేలు దాచి ఉంటే ఇంకో ఐదేళ్లు నాతో ఉండేది.

ఇంకో విషయం. మీ ఎఫ్‌డీ కారు డబ్బు కాదు. మీ నెల ఖర్చు సిప్ కాకుండా 88,000. ఆరు నెలలకు 5.28 లక్షలు. మీ దగ్గర ఎఫ్‌డీ, బ్యాంకు కలిపి ఉన్నది 5.5 లక్షలు. అంటే అది సరిగ్గా ఉద్యోగం పోతే ఇల్లు నడిపే డబ్బు. ఐటీలో మీ తోటివాళ్లకు ఏం జరుగుతోందో నాకంటే మీకే ఎక్కువ తెలుసు. అందులో 4 లక్షలు తీసి కారులో పెట్టి, పైన మరో ఈఎంఐ తలకెత్తుకుంటే, చెడ్డ నెల ఒక్కటి వచ్చినా కారును అర్జెంటుగా అమ్మాల్సి వస్తుంది. అర్జెంటుగా అమ్మేవాడికి మంచి ధర రాదు.

మరి ఏం చేయాలి? నా సలహా, ఈ కారు వదిలేయండి, పోలోను వదలకండి. 2020లో పోలోకు 1.0 టీఎస్ఐ ఇంజిన్ వచ్చింది. మూడు సిలిండర్లే అయినా పవర్ 110 పీఎస్, టార్క్ (లాగే బలం) మాత్రం పాత 1.2లో ఉన్నంతే, 175 ఎన్ఎం. దీనికి ఆరు గేర్ల మాన్యువల్ ఉంది. 2022లో పోలో ఇక్కడ ఆగిపోయింది కాబట్టి చివరి రెండేళ్ల బండ్లు ఇంకా మరీ పాతబడలేదు. జీటీ అన్న బ్యాడ్జి దాని మీద ఉండకపోవచ్చు. ఎడమ కాలికి ట్రాఫిక్‌లో కొంచెం పని పడుతుంది. కానీ క్లచ్ అరిగితే వచ్చే బిల్లు మీ జీతంతో కట్టగలిగేది. ఆటోమేటిక్ తప్పనిసరైతే ఆ ఏడాదుల జీటీలో డీఎస్‌జీ బదులు టార్క్ కన్వర్టర్ (డ్రై క్లచ్‌లు లేకుండా ఆయిల్ ద్వారా పనిచేసే ఆటోమేటిక్) ఇచ్చారు, అది చూడండి.

ఒక ఏడాది ఆగండి. నెలకు 20,000 చొప్పున 2.4 లక్షలు, ఏప్రిల్ బోనస్ 1.2 లక్షలు, ఆల్టో అమ్మితే అప్పటికి ఒక లక్ష. మొత్తం 4.6 లక్షలు. 7.1 లక్షల్లో 2021 మోడల్ మాన్యువల్ దొరికితే 2.5 లక్షలు మాత్రమే అప్పు. 13 శాతం వడ్డీతో మూడేళ్లకు ఈఎంఐ 8,420. మైలేజీ కొంచెం మెరుగు కాబట్టి పెట్రోల్ 8,300 లోపు. ఇన్సూరెన్స్, సర్వీసింగ్, టైర్లకు 3,700, రిపేర్ నిధికి 2,000. మొత్తం 22,400. చేతిలో 4,600 మిగులుతుంది, ఎఫ్‌డీ అలాగే ఉంటుంది, 5.28 లక్షలకు పైన ఉన్న ఇరవై వేలు రిపేర్ నిధికి తొలి జమ అవుతుంది. పాప ఒకటో తరగతికి వచ్చేసరికి లోన్ తీరిపోతుంది.

ఇదే లెక్క మామూలు సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్‌కు కూడా వేసి చూశాను. ఈఎంఐ పక్కన పెడితే దాని ఖర్చు నెలకు 10,000 చుట్టూ ఉంటుంది, ఈ పోలోకు 14,000. అంటే రోజూ ఆఫీసుకు వెళ్తూ మీరు పొందే ఆ సంతోషం ధర నెలకు 4,000. ఇంటికి టీవీ కొన్నా, ఏటా గోవా వెళ్లినా డబ్బు ఖర్చవుతుంది. వారంలో నాలుగు రోజులు, రోజుకు గంటన్నర కూర్చునే చోటుకు 4,000 పెట్టడం నాకు దుబారాగా అనిపించడం లేదు. ఈ లెక్క మీ భార్యకు చూపించి, ఆమె కూడా సరేనంటేనే ముందుకెళ్లండి. ఆ నాలుగు వేలు ఇద్దరివీ.

ఎన్ లైన్ సంగతి. కారు మంచిదే. 120 పీఎస్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, గట్టి సస్పెన్షన్, పైగా వారంటీ. 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్, 4 మీటర్ల లోపు పొడవు ఉన్న కార్లకు 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 18 శాతానికి దిగింది, అంతకు ముందు సెస్సుతో కలిపి 29. మన దగ్గర హాట్ హ్యాచ్‌లు (చురుకైన చిన్న కార్లు) ఎక్కువగా చిన్న టర్బో ఇంజిన్లతో రావడానికి ఈ పన్ను ఒక ముఖ్య కారణం. నిజం చెప్పాలంటే డీఎస్‌జీ పోలో కంటే దీనితోనే మీకు నిద్ర బాగా పడుతుంది. కానీ 3 లక్షలు ముందు కట్టినా, మిగతా 8 లక్షలకు 9 శాతంతో ఏడేళ్ల లోన్ అంటే ఈఎంఐ 12,870, వడ్డీకే 2.8 లక్షలు. పాపకు తొమ్మిదేళ్లు వచ్చేదాకా కడుతూనే ఉంటారు. జీతం పెరిగి, చేతిలో 5 లక్షలు వేరుగా పోగయ్యాక, ఐదేళ్ల లోన్‌తో అయితే ఆలోచించండి. అయితే ఈ జీఎస్టీ తగ్గింపు మీకు బేరానికి పనికొస్తుంది. కొత్తవాటి ధర దిగినప్పుడు పాతవాటికి నిరుటి ధర చెబితే ఒప్పుకోకండి.

ఫియట్ వాళ్ల అబార్త్ పుంటో గురించి మీరు అడగలేదు. కానీ వెతికేటప్పుడు తప్పకుండా కంటపడుతుంది. 145 హార్స్‌పవర్, అప్పట్లో 10 లక్షల లోపు ధర. ఫియట్ ఇక్కడ అమ్మకాలు ఆపేసి ఏళ్లయింది. ఇంట్లో ఇంకో కారు ఉన్నవాళ్లకు అది అపురూపమైన వస్తువు. ఒకే కారుతో రోజూ ఆఫీసుకు వెళ్లేవాళ్లు స్పేర్ పార్టుల కోసం వారాలు ఎదురుచూడలేరు.

ఏ కారు కొన్నా రీమ్యాప్ (ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చడం) జోలికి మాత్రం పోకండి. ముప్పై, నలభై వేలకు ఇంజిన్ పవర్ పెంచుతామని మీ ఫ్రెండ్స్‌లో ఎవరో ఒకరు తప్పక చెబుతారు. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌ను మార్చడానికి మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా మార్పులు చేశారని తేలితే యాక్సిడెంట్ క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. అప్పుడు కారు ఉండదు, ఈఎంఐ ఉంటుంది.

ఇన్సూరెన్స్‌లో మీకు రావాల్సింది ఒకటి ఉంది, వదులుకోకండి. నో క్లెయిమ్ బోనస్ కారుది కాదు, మీది. ఆల్టోకు ఫుల్ ఇన్సూరెన్స్ ఉండి, ఐదేళ్లుగా క్లెయిమ్ చేయకపోతే, అమ్మిన తర్వాత పాత కంపెనీ నుంచి సర్టిఫికెట్ తీసుకోండి. కొత్త పాలసీలో ఓన్ డ్యామేజ్ ప్రీమియం (మీ కారుకు జరిగే నష్టానికి కట్టేది) సగం తగ్గుతుంది. థర్డ్ పార్టీ ప్రీమియం కూడా 2022లో వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు ఇంజిన్‌కు 2,094 అయితే, 1.2 లీటర్‌కు 3,416.

కొనే ముందు ఓ మూడు నాలుగు వేలు ఖర్చయినా మీకు నమ్మకమున్న మెకానిక్‌తో స్కానర్ పెట్టించి చూపించండి, సర్వీస్ రికార్డులోని కిలోమీటర్లు మీటర్‌తో సరిపోతున్నాయో చూడండి. పెండింగ్ చలాన్లు, లోన్ బకాయి తేలాకే డబ్బు ఇవ్వండి. యాజమాన్యం మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు అయిపోయాయి కదా అని ఊరుకోకుండా, ఆర్సీ మీ పేరుకు మార్పించుకోండి, కారు చేతులు మారిన 14 రోజుల్లో పాలసీ మార్పుకు కూడా దరఖాస్తు చేయండి.

టెస్ట్ డ్రైవ్‌కు ఒక్కరే వెళ్లకండి. వెనక సీటులో పాప కుర్చీ బిగించి, పక్కన మీ భార్యను కూర్చోబెట్టుకుని, సాయంత్రం ఆరు గంటల ట్రాఫిక్‌లో ఒకసారి ఆఫీసు నుంచి ఇంటిదాకా నడిపి చూడండి. మీరు ఈ కారులో గడపబోయే జీవితం ఎక్కువగా ఆ దారిలోనే ఉంటుంది.