ఏజెంట్‌కు టూల్ అప్పజెప్పే ముందు

అల్లుడూ,

ఏఐ ఏజెంట్ (మన ప్రశ్నకు జవాబు కోసం తనే ప్రోగ్రాములను పిలుచుకునే ఏఐ) కోసం నువ్వు రాసి పంపిన టూల్ వివరణ చూశాను. టూల్ అంటే అది పిలిచే చిన్న ప్రోగ్రామే. 'డేటాబేస్ నుంచి కొనుగోళ్ల వివరాలు తెస్తుంది' అని ఒక్క ముక్క రాసి వదిలేశావు. పక్క సీటు మనిషికైతే ఇది చాలు, అర్థం కాకపోతే లేచొచ్చి అడుగుతాడు. ఏఐ ఏజెంట్ చాలాసార్లు అడగదు. దానికి కనిపించేవి టూల్ పేరు, వివరణ, పారామీటర్ల స్కీమా (ఏయే విలువలు ఏ రూపంలో ఇవ్వాలో చెప్పే పట్టిక), అంతే. లోపలి కోడు దానికి కనపడదు. నువ్వు రాయనిది తనే ఊహించుకుని, అదే నిజమన్నట్టు జవాబిస్తుంది.

నీ రొయ్యల టేబుల్లో 'కౌంట్' కాలమే చూడు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో అదే కౌంట్, 30 అంటే పెద్దవి, 100 అంటే చిన్నవి. ఇది మన గుంటల దగ్గర పిల్లాడికి కూడా తెలుసు. ఏజెంటుకు మాత్రం కౌంట్ అంటే ఏదో లెక్క, ఎంత ఎక్కువుంటే అంత గొప్ప. 'పెద్ద సైజు సరుకు ఎవరిచ్చారు' అని అడిగితే 100 కౌంటు వాళ్లను పైన పెట్టి చూపిస్తుంది. క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) ఏ ఎర్రరూ లేకుండా నడుస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదు.

వివరణ ఇట్లా ఉండాలి:

'ఇచ్చిన తేదీల మధ్య జరిగిన రొయ్యల కొనుగోళ్లను బిల్లుకు ఒక వరుస చొప్పున ఇస్తుంది. రైతుకు ముట్టిన డబ్బు ఇందులో ఉండదు, దానికి చెల్లింపుల టూల్ వాడు. తేదీలు భారత కాలమానంలో, మొదటి రోజూ చివరి రోజూ కలుపుకుని. కౌంట్ అంటే కిలోకు రొయ్యల సంఖ్య, తక్కువైతే పెద్ద సైజు. బరువు కిలోల్లో, ధర కిలోకు రూపాయల్లో. ధర ఖాళీగా ఉంటే ఇంకా తేలలేదని అర్థం, సున్నా కాదు. ఒకసారికి 200 వరుసలే వస్తాయి, అసలు ఎన్నున్నాయో 'మొత్తం'లో ఉంటుంది.'

ఇందులో రెండో వాక్యాన్ని మాత్రం ఎప్పుడూ కొట్టెయ్యొద్దు. ఏ పనికి వాడకూడదో చెప్పకపోతే, దగ్గర దగ్గర పేర్లున్న రెండు టూల్స్‌లో ఏదో ఒకటి పట్టుకుంటుంది.

తేదీల సంగతి ఇంకొంచెం చెప్పాలి. సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటే మన గడియారానికి అయిదున్నర గంటలు వెనక. పట్టుబడి చేసి తెల్లవారుజామున 4కు తూకం వేసిన సరుకు అక్కడ ముందు రోజు రాత్రి 10:30 కింద పడుతుంది. ఆ మార్పిడి టూల్ లోపలే చెయ్యి, ఏజెంట్ నెత్తిన పెట్టొద్దు.

కొలతలకూ అంతే. వడ్ల టేబుల్ కూడా కలుపుతానన్నావు. పుట్టి అని రాసి ఊరుకుంటే అది ఏ పుట్టో దానికేం తెలుసు? నెల్లూరు పుట్టి 850 కిలోలు అని అంకె వెయ్యి. స్థలాల టేబుల్ ఉంటే అంకణం 72 చదరపు అడుగులని రాయి, తిరుపతి వైపు అంకణం అందులో సగమే.

జిల్లా పేరును చేత్తో కొట్టనివ్వకుండా ఈనమ్ (ముందే ఇచ్చిన పేర్లలోంచి ఒకటి ఎంచుకునే జాబితా) పెట్టు. టేబుల్లో ఒకచోట 'నెల్లూరు', ఇంకోచోట 'ఎస్పీఎస్సార్ నెల్లూరు' ఉంటే ఒకటి అడిగినప్పుడు రెండోది జారిపోతుంది. 2022 ఏప్రిల్ 4న కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి మారింది. కాబట్టి ఆ కాలమ్‌లో ఉన్నది బిల్లు నాటి జిల్లానా, ఇప్పటి జిల్లానా అనేది ఒక వాక్యంలో తేల్చెయ్యి. ఇది రాయకపోతే ఏడాదికేడాది పోలిక ఎందుకు తేడా కొడుతుందో ఎవరికీ అంతుబట్టదు.

ఎర్రర్ మెసేజ్ కూడా వివరణలో భాగమే. 'తప్పు ఇన్‌పుట్' అంటే ఏజెంట్ అదే కాల్‌ను మళ్లీ మళ్లీ పంపుతుంది. 'తేదీ 2025-03-31 రూపంలో ఇవ్వు' అంటే రెండోసారికే సర్దుకుంటుంది. ఏమీ దొరకనప్పుడు ఖాళీ జాబితాతో సరిపెట్టక, 'ఈ తేదీల్లో బిల్లులు లేవు' అని మాటల్లో చెప్పించు.

అట్లాగని ఉన్న కాలమ్స్ అన్నీ వర్ణిస్తూ పురాణం రాయొద్దు. ఏ పని చేస్తున్నా ఆ వివరణ అంతా ఏజెంట్ వెనకున్న ఏఐ మోడల్ ముందు ఉండాల్సిందే, టోకెన్లు (మోడల్ చదివే పదాల ముక్కలు) ఖర్చు. అరుదుగా పనికొచ్చే కాలమ్స్‌ను 'టేబుల్ వివరాలు' అని వేరే టూల్లో పెట్టు. 'డిలీట్ చెయ్యకు' అని వివరణలో రాసి ధైర్యంగా పడుకోవద్దు, అది కంచె కాదు. డేటాబేస్‌లో చదివే హక్కు మాత్రమే ఉన్న యూజర్‌ను ఇచ్చి, ఆ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ అయితే స్టేట్‌మెంట్ టైమవుట్ (ఇంత సేపు మించితే క్వెరీని ఆపేసే గడువు) కూడా పెట్టు.

ఆఖరికి, జవాబు నీకు ముందే తెలిసిన ఒక ఇరవై ప్రశ్నలు రాసుకుని అడిగి చూడు. జవాబు సరిపోయింది కదా అని ఆగకు, ఏ టూల్‌ను ఏ పారామీటర్లతో పిలిచిందో లాగ్ (పిలుపుల చిట్టా) తెరిచి చూడు. '2022 మార్చి 31న కందుకూరు వైపు 40 కౌంట్ లోపు సరుకెంత?' అనేది అందులో తప్పకుండా ఉండాలి. తేదీ, జిల్లా, కౌంట్ మూడూ దాంట్లోనే బయటపడతాయి. తప్పు వస్తే ముందు కోడ్ జోలికి పోకుండా వివరణలో ఒక్క వాక్యం మార్చి, ఇరవై ప్రశ్నలూ మళ్లీ అడుగు. రెండు వాక్యాలు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మామ