అత్తయ్యగారిని బోటెక్కించొచ్చా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి అండీ. జనగామ నుంచి మా అత్తయ్యా మామయ్యా వస్తున్నారు, ఒక సాయంత్రం లుంబినీ పార్కుకి తీసుకెళ్దామనుకుంటున్నాం. బాబుకి ఏడేళ్ళు, వాడికి బోటెక్కాలని ఒకటే గోల. అత్తయ్యకేమో మోకాళ్ళ నొప్పులు. పక్కనే ఎన్టీఆర్ గార్డెన్ కూడా అదే రోజు చూసేయొచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా తీసుకెళ్ళండమ్మా, కానీ రెండు పార్కులూ ఒకే సాయంత్రం మాత్రం పెట్టుకోకండి, పెద్దవాళ్ళు నడవలేక అలిసిపోతారు, ఎన్టీఆర్ గార్డెన్ ఇంకో రోజుకి ఉంచండి. మెట్రోలో అయితే ఖైరతాబాద్‌లోనో లకడీకాపూల్‌లోనో దిగి ఆటో మాట్లాడుకుంటే గేటు దాకా నడక ఉండదు.

ఎండ తగ్గుతుండగా వెళ్ళి ముందు బోటు పని చూసుకోండి, చీకటి పడేకొద్దీ జనం పెరుగుతారు. హుస్సేన్‌సాగర్ మధ్యలో ఉన్న బుద్ధుడి విగ్రహం దగ్గరికి వెళ్ళే పెద్ద బోటే ఎక్కండి, స్పీడ్ బోటు కుదుపులకి అత్తయ్యగారి మోకాళ్ళు తట్టుకోవు, బాబుకి అంత సరదాగా ఉంటే వాణ్ణి వాళ్ళ నాన్న విడిగా తిప్పుతారు. ఎక్కేటప్పుడు బోటు కొంచెం ఊగుతుంది కదా, అప్పుడే ఆవిడకి భయమేస్తుంది, అందుకని ముందు మీరెక్కి ఆవిడ చెయ్యి పట్టుకోండి, వెనక నుంచి మామయ్యగారు ఉంటారు, తొందరేం లేదు. లైఫ్ జాకెట్ బెల్టు అందరికీ మీరే ఒకసారి లాగి చూడండి.

ఇక అసలు సంగతి. ఆ బుద్ధుడు ఎక్కడి రాయో తెలుసా? రాయగిరి దగ్గరి కొండది, మీవాళ్ళు జనగామ నుంచి వచ్చేటప్పుడు భువనగిరికి ముందు దాటే ఊరే. 58 అడుగుల ఏకశిల అది. 1990లో బల్లకట్టు మీద చెరువులోకి తీసుకెళ్తుంటే మునిగిపోయింది, పదిమంది చనిపోయారు పాపం, విగ్రహం రెండేళ్ళకి పైగా నీళ్ళ అడుగునే ఉండి 1992 డిసెంబర్‌లో పైకొచ్చి నిలబడింది. పెద్దవాళ్ళకి అప్పటి కబుర్లు గుర్తుండే ఉంటాయి, బాబుకి మామయ్యగారినే చెప్పమనండి, పాదాల దగ్గర నిలబడి తలెత్తి చూస్తూ వింటే వాడు జన్మలో మర్చిపోడు. అక్కణ్ణుంచి చూస్తే చుట్టూ నీళ్ళు, ఒడ్డున కొత్త సెక్రటేరియట్, 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం, దీపాలు వెలిగే వేళకైతే ఇంకా బాగుంటుంది.

నీళ్ళ వాసన సంగతీ చెప్పాలి, ఎండాకాలంలో బాగా వస్తుంది, 1562 ప్రాంతంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో కట్టిన చెరువుకి నగరం మురుగంతా వదిలిపెట్టుకున్నాం, నాకైతే అది చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. వానలు పడ్డాకో చలికాలంలోనో వస్తే కొంత నయం. చలికాలమైతే బాబుకి స్వెటరూ అత్తయ్యగారికి శాలువా మర్చిపోకండి, తిరిగొచ్చేటప్పుడు బోటు మీద గాలి గట్టిగా కొడుతుంది.