డిగ్రీలో జూనియర్ల రాతపనికి సాయం చేస్తే, ఆ అనుభవం ఉద్యోగంలో పనికొస్తుందా?

పనికొస్తుంది. నాకైతే బీఎస్సీ మార్కుల కంటే అదే ఎక్కువ అక్కరకొచ్చింది.

నెల్లూరులో చదివేటప్పుడు మా ఇంగ్లిష్ మేడమ్ నలుగురిని పిలిచి, లైబ్రరీలో ఒక బల్ల చూపించారు. "రోజూ మూడింటికి ఇక్కడ కూర్చోండి. జూనియర్లు రాసుకొచ్చింది చదవండి. పెన్ను మాత్రం వాళ్ల చేతిలోనే ఉండాలి" అన్నారు. జీతమేం లేదు. మొదటి ఏడాది అయ్యాక 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేసి రిపోర్టు ఇవ్వాలి కదా, ఎక్కువ మంది దాంతోనే వచ్చేవాళ్లు.

మొదట్లో ఒకబ్బాయి మీద జాలిపడి రెండు పేజీలు నేనే రాసిచ్చాను. వైవాలో సరిగ్గా వాటి మీదే అడిగారు. పిల్లోడు నోరు విప్పలేకపోయాడు. తప్పు నాది, ఇప్పటికీ బాధేస్తుంది.

తర్వాత ఇందుకూరుపేట వైపు నుంచి ఒకమ్మాయి రొయ్యల గుంటల మీద రిపోర్టు తెచ్చింది. మొదటి మూడు పేజీలూ నెట్‌లోంచి ఎత్తినవే. కొట్టేసి తిరగరాద్దామని చేయి లాగింది. ఆపుకొని, "ఇదంతా పక్కన పెట్టు. గుంట దగ్గర నువ్వేం చూశావు?" అన్నా.

"ఏముందక్కా, రాత్రిళ్లు కరెంటు పోతే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోతాయి. రొయ్య పైకి తేలుద్ది. జనరేటర్ వేయాలని మా నాయన గట్టు మీదే పడుకుంటాడు."

"అదే రాయి. నెలలో ఎన్నిసార్లు పోయింది, డీజిల్‌కి ఎంతయింది, అదీ అడిగి రాయి."

వారం తిరిగేసరికి పదకొండు మంది రైతుల లెక్కలతో వచ్చింది. ఆ రిపోర్టులో నా అక్షరం ఒక్కటీ లేదు.

ఇప్పుడు రొయ్యల ఎగుమతి ప్లాంటులో క్వాలిటీ రికార్డులు చూస్తున్నా. సరుకు మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి. ఓ రోజు సూపర్‌వైజర్ "టెంపరేచర్ కొంచెం పెరిగింది, సరిచేశాం" అని రాసిచ్చారు. ఎంత పెరిగింది, ఎంతసేపు, ఏ లాటు, ఆ సరుకును ఏం చేశారు? ఆడిటర్ అడిగేవి ఇవే. ఆయన నాకంటే పదిహేనేళ్లు పెద్ద. తప్పు పట్టినట్టుంటే మనసు కష్టపెట్టుకుంటారు. "అన్నా, ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పండి" అన్నా. అంతా చెప్పారు. ఆయన చేతే రాయించా.

అమెరికాలో మూడు విశ్వవిద్యాలయాల్లో ఒకప్పుడు ఇలా ట్యూటర్లుగా చేసిన 126 మందిని హ్యూజ్, గిలెస్పీ, కెయిల్ అనే అధ్యాపకులు ఆ పనిలో ఏం నేర్చుకున్నారని అడిగి, 2010లో అచ్చువేశారు. ఎదుటివాళ్లు చెప్పేది వినడం అక్కడే అలవాటైందని ఆ ట్యూటర్లూ చెప్పారు. చదివినప్పుడు మా బల్లే గుర్తొచ్చింది.

రెజ్యూమేలో "మంచి కమ్యూనికేషన్ స్కిల్స్" అని రాయకండి, అందరూ రాసేదే. ఎన్ని నెలలు కూర్చున్నారు, ఎలాంటి రిపోర్టులు చూశారు అన్నది రాయండి. అందుకే మొదటి రోజు నుంచే ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. మీ కాలేజీలో ఈ ఏర్పాటు లేకపోతే లెక్చరర్ నడిగి లైబ్రరీలో ఒక బల్ల తీసుకోండి. ప్రాజెక్టు రిపోర్టుల టైములో మొదలుపెడితే పిల్లలు వాళ్లే వెతుక్కుంటూ వస్తారు.