మూడింతలైన మరణాలు, 78 ఏళ్ల నాన్నగారు

ప్రశ్న: మా నాన్నగారికి 78 ఏళ్లు, బీపీ ఉంది. ఈ మధ్య ఈసీజీ తీసి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకోవడం) అన్నారు, రక్తం పలచబడే మాత్ర రాశారు. ఈ జబ్బుతో చనిపోయేవాళ్లు ముప్పై ఏళ్లలో దాదాపు మూడింతలయ్యారని చదివినప్పటి నుంచి ఒకటే టెన్షన్. అంత ప్రమాదమా?
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు చదివింది అబద్ధం కాదు, సగం లెక్క. ప్రపంచవ్యాప్తంగా జబ్బుల, మరణాల లెక్కలు వేసే గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ అధ్యయనం అంచనాల్లో ఈ జబ్బు ఖాతాలో పడిన మరణాలు 1990లో ప్రపంచమంతా కలిపి సుమారు 1.17 లక్షలు, 2019లో సుమారు 3.15 లక్షలు. ఈలోగా జనాభా 530 కోట్ల నుంచి 770 కోట్లు దాటింది, అందులోనూ ఎనభై దాటి బతికేవాళ్లు బాగా పెరిగారు. ఇదేమో వయసుతో పాటు వచ్చే జబ్బు. అమెరికాలో చూస్తే 55 లోపు వాళ్లలో వెయ్యికి ఒకరికి ఉంటుంది, 80 దాటాక పదిమందిలో దాదాపు ఒకరికి. వయసు తేడాలను సరిచేసి లెక్కేస్తే మరణాల రేటు అప్పుడూ ఇప్పుడూ లక్షకు నాలుగు పైచిలుకే.

అలాగని సంబరపడేదీ లేదు. అదే కాలంలో గుండెపోటు, పక్షవాతం మరణాల రేటు బాగా తగ్గింది, ఇది మాత్రం తగ్గలేదు. కొంత కారణం మా డాక్టర్లమే: ఈసీజీలు, హోల్టర్లు (రోజంతా ఒంటికి తగిలించి గుండె లయను రికార్డు చేసే పరీక్ష) ఎక్కువగా తీస్తున్నాం, ఒకప్పుడు 'వృద్ధాప్యం' అని వదిలేసిన చోట ఇప్పుడు జబ్బు పేరు రాస్తున్నాం. ఇంకోవైపు, లయ తప్పిన గుండెలో గడ్డకట్టిన రక్తం మెదడుకు వెళ్లి మనిషి పోతే అది పక్షవాతం లెక్కలోకి పోతుంది. అంటే ఈ అంకె ఒకచోట ఉబ్బుతుంది, ఇంకోచోట తగ్గుతుంది. ఇక మన దేశంలో 2020లో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం రాసి ధ్రువీకరించినవి 22.5 శాతమే, కాబట్టి మన ట్రెండ్ గురించి ఎవరైనా గట్టిగా చెప్తే కాస్త ఆగి వినండి.

నాన్నగారి విషయంలో చూడాల్సింది ఆ అంకె కాదు, పక్షవాతం ముప్పు. దాన్ని మేం పాయింట్లు వేసి లెక్కిస్తాం: 75 దాటినందుకు రెండు పాయింట్లు, బీపీకి ఒకటి, మొత్తం మూడు. మగవాళ్లకు రెండు వస్తేనే రక్తం పలచబడే మందు ఇవ్వమంటాం, అంటే మీ డాక్టరుగారు రాసింది సరైనదే. భయపడి ఆపొద్దు, 'ఆస్పిరిన్ చాల్లే' అని ఎవరన్నా మార్చొద్దు, ఇక్కడ అది సరిపోదు. మోకాళ్ల నొప్పులకని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ లాంటివి కొనివ్వడం కూడా వద్దు, ఈ మందుతో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు (మా దగ్గరికి ఇలాంటి కేసులు బాగానే వస్తాయి). మలం నల్లగా వచ్చినా, తలకు దెబ్బ తగిలినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఎకో (గుండె స్కానింగ్) తీశారా? కీళ్లవాత జ్వరం (రుమాటిక్ ఫీవర్) వల్ల గుండెలోని మైట్రల్ కవాటం బాగా సన్నబడి ఉంటే కొత్తరకం మాత్రలు కాదు, వార్ఫరిన్ లేదా అసిట్రోమ్ వాడాలి, రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయిస్తూ ఉండాలి, ఆకుకూరలు మానక్కర్లేదు కానీ రోజూ ఒకే మోతాదులో తినాలి. కవాటం బాగుంటే అపిక్సబాన్ లాంటివి చాలు, వాటికి ఐఎన్ఆర్ అక్కర్లేదు, కిడ్నీ పరీక్ష మాత్రం అప్పుడప్పుడూ చేయించాలి. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి, పలచబడే మాత్ర చివరిసారి ఎన్నింటికి వేసుకున్నారో వాళ్లకు చెప్పండి.